ఇంటి వైన్‌కి ఏ సీసా? లోడై జిన్‌ఫాండెల్, మస్కట్‌ల కేస్ స్టడీ

కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో, లోడైకి గంటలోపు దూరంలో ఉంటున్న తెలుగు దంపతులు ఇంట్లో రెండు వైన్లు చేసుకున్నారు. ఒకటి జిన్‌ఫాండెల్ అనే ద్రాక్షతో చేసిన రెడ్, రెండోది మస్కట్ ద్రాక్షతో చేసిన వైట్. వాటికి సీసాలు ఎలా ఎంచామో, ఎలా నింపామో, తర్వాత తెరిచి చూస్తే ఏం తేలిందో ఇక్కడ రాస్తున్నాను. నేనూ ఏటా ఇంట్లో వైన్ చేసుకుంటాను, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు సాయం చేస్తుంటాను. ద్రాక్ష ఎక్కడ దొరుకుతుంది, ఏ ఈస్ట్ వేయాలి అని అందరూ అడుగుతారు. సీసాల సంగతి నింపే ముందురోజు రాత్రి దాకా ఎవరికీ గుర్తు రాదు. వీళ్లు నెలల ముందే అడిగారు కాబట్టి ప్రతి దశా దగ్గరుండి చూడగలిగాను.

ముందుగా చట్టం మాట. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం ఇంటి వాడకానికి ఏడాదికి, ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంట్లో 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ మంది ఉన్న ఇంట్లో 200 గ్యాలన్ల వైన్ చేసుకోవచ్చు. అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్స్ లేకుండా ఇంట్లో వైన్ చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అక్కడ ఉండి చదివేవాళ్లు ఇది మనసులో పెట్టుకోండి.

సీసా కంటే ముందు వైన్

నవంబర్ చివర్లో వాళ్లింటికి వెళ్లాను. గరాజ్‌లో రెండు గాజు కార్బాయ్‌లు (వైన్ పులియబెట్టే పెద్ద సీసాలు) ఉన్నాయి. ఐదు గ్యాలన్లదాంట్లో జిన్‌ఫాండెల్, మూడు గ్యాలన్లదాంట్లో మస్కట్. రెండింటి ఎయిర్‌లాక్‌లలోనూ (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని రానివ్వని మూతలు) బుడగలు ఆగిపోయాయి. "పులవడం అయిపోయిందండీ, క్రిస్మస్‌కి సీసాల్లో పోసి ఫ్రెండ్స్‌కి ఇద్దామనుకుంటున్నాం" అన్నారు ఆయన. ఆవిడ నలుచదరపు క్లిప్ మూత సీసాలు ఆన్‌లైన్‌లో చూసి పెట్టుకున్నారు. చూడ్డానికి చాలా అందంగా ఉన్నాయి, పల్చటి గాజు.

సీసాల జోలికి వెళ్లకుండా ముందు హైడ్రోమీటర్ (వైన్ సాంద్రత కొలిచి చక్కెర ఎంత మిగిలిందో చెప్పే పరికరం) వేశాను. జిన్‌ఫాండెల్ 0.994 చూపించింది. అంటే తీపి పూర్తిగా పోయింది. మస్కట్ 1.012 దగ్గర ఆగి ఉంది. పులవడం అయిపోయి ఆగింది కాదది. గరాజ్ చల్లబడేసరికి ఈస్ట్ నిద్రపోయింది, అంతే. 1.012 నుంచి 0.996 దాకా దిగాలంటే లీటరుకు సుమారు 35 గ్రాముల చక్కెర ఇంకా పులవాలి. మూత బిగించిన సీసాలో లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పుడుతుంది. షాంపేన్ చేసేవాళ్లు లీటరుకు 24 గ్రాములు వేసి ఆరు అట్మాస్ఫియర్లు తెస్తారు, దానికోసం మందపాటి బరువైన సీసాలు వాడతారు. ఈ మస్కట్ ఎండాకాలంలో మళ్లీ లేస్తే ఎనిమిది దాటుతుంది. అలంకారం కోసం చేసిన చదరపు సీసా దానికి ఏ మూలకూ సరిపోదు. గుండ్రటి గాజు ఒత్తిడిని చుట్టూ సమంగా పంచుకుంటుంది, చదరపు సీసాలో ఆ భారమంతా మూలల మీద పడుతుంది. పేలితే గాజుముక్కలు గరాజ్ అంతా చిమ్ముతాయి. వాళ్లకి ఎనిమిదేళ్ల పాప ఉంది.

కాబట్టి క్రిస్మస్ ఆలోచన మానుకోమన్నాను. మస్కట్ కార్బాయ్‌ని ఇంట్లోకి, 20 డిగ్రీల గదిలోకి మార్చాం. వారం తిరక్కుండానే బుడగలు మళ్లీ మొదలయ్యాయి. జనవరిలో 0.996కి దిగి, వరుసగా కొలిచినా కదలకుండా నిలబడింది. అప్పుడు వైన్ చెడకుండా కాపాడే పొటాషియం మెటాబైసల్ఫైట్ (సల్ఫైట్), పొటాషియం సోర్బేట్ కలిపి, వాళ్లకి నచ్చినంత తీపి చేశాం. సోర్బేట్ ఈస్ట్‌ని చంపదు, కొత్తగా పెరగకుండా ఆపుతుంది. అందుకే పులుస్తున్న వైన్‌లో వేస్తే పని చేయదు, అయిపోయి తేరుకున్న వైన్‌లోనే వేయాలి. సల్ఫైట్ లేకుండా ఒక్క సోర్బేటే వేస్తే బ్యాక్టీరియా దాన్ని తిని జెరేనియం ఆకు వాసన తెస్తుంది. ఆ వాసన వచ్చిన వైన్‌ని బాగుచేసే దారి లేదు.

జిన్‌ఫాండెల్‌లో మలోలాక్టిక్ (మాలిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లంగా మారే ప్రక్రియ) పూర్తయిందో లేదో పేపర్ క్రోమటోగ్రఫీ అనే కాగితపు పరీక్షతో చూశాం. కాగితం మీద మాలిక్ మచ్చ కనిపించలేదు, అంటే పూర్తయింది. అదీ అవసరమే, ఎందుకంటే మాలిక్ ఆమ్లం సీసాలో లాక్టిక్‌గా మారినా గ్యాస్ పుడుతుంది, కార్క్‌ని నెడుతుంది.

అరవై పైచిలుకు సీసాలు, మూతి దగ్గర ఏరివేత

సీసాలు కొనాల్సిన పని లేదని ఆయన నమ్మకం. స్నేహితుల ఇళ్ల నుంచి, తెలిసినవాళ్ల రెస్టారెంట్ నుంచి అరవై పైచిలుకు సేకరించారు. 2024 జనవరి నుంచి కాలిఫోర్నియాలో వైన్ సీసాలకూ రీఫండ్ వస్తోంది కాబట్టి జనం వాటిని రీసైక్లింగ్‌కి తీసుకెళ్తున్నారు. అడిగితే తప్ప దాచిపెట్టరు. ఈయన అడిగారు.

నేను సీసా చేతిలోకి తీసుకుంటే మొదట చూసేది మూతి. కొత్తవాళ్లు ఆకారం చూస్తారు, తర్వాత రంగు, మూతి గురించి కార్కర్ పట్టుకున్నాక ఆలోచిస్తారు. ఈ వరుస తిరగెయ్యాలి. వైన్‌ని కాపాడేది మూతా, సీసా కలిసే ఆ కొద్దిపాటి జాగానే. అక్కడ సరిపడని సీసా ఎంత అందమైనదైనా పక్కన పెట్టాల్సిందే.

కార్క్ కోసం చేసిన వైన్ సీసా మెడ లోపలి వెడల్పు 18.5 మిల్లీమీటర్లు, అటూ ఇటూ అర మిల్లీమీటరు. 9 నంబరు కార్క్ 24 మిల్లీమీటర్లుంటుంది. కార్కర్ దాన్ని గట్టిగా నొక్కి మెడలోకి దించితే, అది మళ్లీ విచ్చుకుని గాజుని పట్టుకుంటుంది. ఆ ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు తేడాలోనే సీల్ అంతా ఉంది. 8 నంబరు కార్క్ 22 మిల్లీమీటర్లది, చేత్తో నొక్కే చిన్న కార్కర్‌కి తేలిగ్గా దిగుతుంది. అందుకే చాలామంది అదే కొంటారు. మూడు నెలల్లో తాగేసేదానికి ఫర్వాలేదు, ఏడాది ఉంచాలంటే నేను ఒప్పుకోను.

కాలిపర్ పెట్టి ఒక్కొక్కటీ కొలుస్తూ గరాజ్ నేల మీద గుంపులు పెట్టాం.

ఎత్తు భుజాలున్న ఆకుపచ్చ బోర్డో సీసాలు పంతొమ్మిది వచ్చాయి. మూతి కొలత అన్నిటికీ సరిపోయింది. కానీ రెండింటికి పెదవి మీద చిన్న పెచ్చు ఊడి ఉంది, ఒకదాని అడుగున బూజు ఎండిపోయి బ్రష్‌కి కూడా రాలేదు. ఆ మూడూ రీసైక్లింగ్‌కి పోయాయి. పదహారు మిగిలాయి.

స్క్రూ మూత సీసాల గుంపే పెద్దది. "పాత మూతే మళ్లీ తిప్పేస్తే సరిపోదా?" అని ఆయన అడిగారు. ఫ్యాక్టరీలో ఆ అల్యూమినియం మూతని సీసా మరల (స్క్రూ గాడుల) మీద మెషిన్‌తో ఒత్తి పట్టిస్తారు. లోపలి లైనర్ ఆ ఒక్క పెదవి అచ్చుకే అణిగి ఉంటుంది. ఒకసారి తెగాక చేత్తో ఎంత బిగించినా మొదటి సీల్ రాదు. ఫ్రిజ్‌లో పెట్టి కొన్ని వారాల్లో తాగేదానికి వాడుకోవచ్చు. సరే, మూత తీసేసి కార్క్ కొడితే? ఆ మెడ కార్క్ కొలతకు చేసింది కాదు, పెదవి దగ్గర గాజు ఆ దెబ్బకు తట్టుకునేలా చేసింది కాదు. వద్దని చెప్పినా, తర్వాత ఒక ఆదివారం ఆయన కొద్దిగా మిగులు వైన్‌తో ఒకదానికి కొట్టి చూశారు. పెదవి అంచున సన్నటి చీలిక లేచింది. ఫోటో పంపితే వైన్ మొత్తం పారబోయమన్నాను. వడకట్టి తాగుదామని చూడకూడదు, సన్నటి గాజుపొడి వడకట్టుకి ఆగదు.

ప్రోసెక్కో (ఇటలీ బుడగల వైన్) సీసాలు గట్టివి, బరువైనవి, ఆయనకి వాటి మీద మనసు పడింది. మామూలు కార్క్ వాటికి సరిపడదు, బీర్ సీసాలకుండే రేకు మూత, అంటే క్రౌన్ మూత వేయాలి. ఆ మూత బిగించే ఇంటి క్యాపర్‌లు ఎక్కువగా 26 మిల్లీమీటర్ల మూతలకు వస్తాయి. అమెరికన్ స్పార్క్లింగ్ సీసాలకు అది సరిపోతుంది, ఈ యూరప్ సీసాలకు 29 కావాలి. రెండు వైన్లలో ఏదీ బుడగలది కాదు కాబట్టి క్యాపర్‌లో మూతని పట్టే భాగం మార్చేంత పని పెట్టుకోలేదు.

వాలు భుజాల బుర్గుండి సీసాలు ఏడెనిమిది ఉన్నాయి. మూతులు బాగున్నాయి, కానీ నడుము వెడల్పు. వాళ్లింటి కోట్ క్లోసెట్‌లో కట్టుకున్న చెక్క ర్యాక్ బోర్డో సీసాల కొలతకు ఉంది. పైగా జిన్‌ఫాండెల్ వడకట్టనిది, అడుగున మడ్డి దిగుతుంది. పోసేటప్పుడు బోర్డో సీసా ఎత్తు భుజం ఆ మడ్డిని పట్టి ఉంచుతుంది, వాలు భుజాల సీసాలో మడ్డి నేరుగా గ్లాసులోకి జారుతుంది. వాటిని ఇంకొకరికి ఇచ్చేశాం.

మిగతావాటి గురించి చకచకా: విస్కీ సీసాలు వద్దు, మూతి కొలతలు ఒక్కోదానికి ఒక్కో రకం. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలూ వద్దు, వాటి గోడల్లోంచి ఆక్సిజన్ నెమ్మదిగా లోపలికి వస్తుంది. ఆవిడ అత్తగారిచ్చిన పాత క్రిస్టల్ డికాంటర్ (వైన్ పోసి వడ్డించే గాజు పాత్ర) ఒకటి బయటికి తెచ్చారు. దాని గురించి గట్టిగా చెప్పాను. పాత క్రిస్టల్‌లో సీసం ఉంటుంది, వైన్‌లోని ఆమ్లం రోజుల తరబడి దాన్ని లాగుతుంది. భోజనాల వేళ పోసి అప్పుడే ఖాళీ చేస్తే అది వేరే సంగతి. నిల్వకి మాత్రం ఎప్పుడూ వాడకూడదు.

జిన్‌ఫాండెల్ 18.9 లీటర్లు, మడ్డి పోను 24 సీసాలకు వస్తుంది. పదహారు ఉన్నాయి కాబట్టి ఆకుపచ్చ బోర్డో కొత్తవి ఒక డజను కొనమన్నాను. నాలుగు ఎక్కువే ఉంటాయి. నింపేరోజు ఒకటో రెండో పగలడం మామూలే.

మస్కట్‌కి బీర్ సీసా

ఇక్కడ ఆవిడకీ నాకూ కొంచెం వాదన జరిగింది. మస్కట్ లేత బంగారు రంగులో మెరిసిపోతోంది. "ఈ రంగు కనిపించకపోతే ఎందుకండీ" అని ఆవిడ బాధ. నాకు అర్థమైంది. అయితే వైట్ వైన్‌కి వెలుతురు పెద్ద శత్రువు. వైన్‌లో సహజంగా రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ ఉంటుంది. 370, 440 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే అతినీలలోహిత, నీలి కాంతిని అది పీల్చుకుని, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొడుతుంది. దాంట్లోంచి గంధకపు వాసనలు పుడతాయి. రెడ్ వైన్‌లో టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) కొంత అడ్డుపడతాయి, వైట్‌కి ఆ రక్షణ లేదు. రంగులేని గాజు ఈ కాంతిని దాదాపు ఆపదు. ఆకుపచ్చ కొంత ఆపుతుంది. గోధుమరంగు గాజు చాలావరకు ఆపేస్తుంది.

అందుకే మస్కట్‌కి 355 మిల్లీలీటర్ల గోధుమరంగు బీర్ సీసాలు, క్రౌన్ మూతలు సూచించాను. వాళ్లు మొదట ఇష్టపడలేదు. వైన్‌ని బీర్ సీసాలో పోయడమేంటని ఆయనకి చిన్నతనంగా అనిపించింది. కానీ తీపి మస్కట్ భోజనం తర్వాత కొంచెం కొంచెం తాగేది. 750 సీసా తెరిస్తే సగం ఫ్రిజ్‌లో మిగిలిపోయి రోజురోజుకీ వాసన కోల్పోతుంది. చిన్న సీసా అయితే నలుగురికి ఒక పూటకి సరిపోతుంది. క్రౌన్ మూత సీల్ గట్టిది, క్యాపర్ చవక, కార్క్ ఖర్చు లేదు. ఒక్కటే షరతు, ఓపెనర్‌తో తీసే సీసాలే ఏరాలి. చేత్తో తిప్పి తీసే మర ఉన్న బీర్ సీసాలకు ఇంటి క్యాపర్ సరిగ్గా పట్టదు.

ఆవిడ మాట కూడా నిలబెట్టాం. రంగులేని 375 మిల్లీలీటర్ల సీసాలు రెండు ఆమెకోసం నింపుదాం, ఒకటి వంటింటి కిటికీలో, ఒకటి చీకటి అల్మారాలో పెడదాం, తేడా మీరే చూడండి అన్నాను.

కడగడం, నింపడం

పాత సీసాలకు సోడియం పర్‌కార్బనేట్ కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టడం మించిన పద్ధతి నేను చూడలేదు. లేబుళ్లు వాటంతటవే ఊడి వస్తాయి, లోపలి మరకలు వదులుతాయి. తర్వాత బ్రష్, తర్వాత పుష్కలంగా మంచినీళ్లు. ఆ పైన ప్రతి సీసానీ దీపానికి ఎదురుగా పట్టి అడుగు చూడాలి. మన ఇళ్లలో ఆవకాయ జాడీ విషయంలో పాటించే పట్టుదల ఇక్కడా పాటిస్తే చాలు. చివరగా గ్యాలన్ నీళ్లకు 50 గ్రాముల మెటాబైసల్ఫైట్ కలిపిన ద్రావణంతో లోపల తడిపి, బోర్లించి ఆరబెట్టాం. ఆ ఘాటు ఊపిరికి పడదు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండకూడదు. ఆయనకి కొంచెం ఆస్తమా ఉంది కాబట్టి ఆ పని బయట వరండాలో ఆవిడే చేశారు.

మస్కట్ మార్చిలో నింపాం. జిన్‌ఫాండెల్ ఆగస్టు దాకా కార్బాయ్‌లోనే ఉంచి, కొత్త ద్రాక్ష వచ్చేలోపు నింపాం. దాని పీహెచ్ 3.65, కాబట్టి నింపేముందు ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్‌ని, అంటే సల్ఫైట్‌లో వైన్‌ని కాపాడటానికి మిగిలి ఉండే భాగాన్ని, 35 పీపీఎంకి (పది లక్షల్లో 35 వంతులకు) తెచ్చాం. పీహెచ్ 3.3 ఉన్న మస్కట్‌కి మాత్రం 25 సరిపోయింది.

ఆగస్టులో సెంట్రల్ వ్యాలీ గరాజ్ నలభై డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కితే వైన్ వ్యాకోచిస్తుంది. 20 నుంచి 40 డిగ్రీలకు వెళ్తే 750 సీసా మెడలో మట్టం ఒకటిన్నర సెంటీమీటరుకు పైనే లేస్తుంది. కార్క్‌కీ వైన్‌కీ మధ్య మనం వదిలే ఖాళీ కూడా సుమారు అంతే. అంటే చల్లటి వైన్ నింపి వేడి గరాజ్‌లో పెడితే ఆ ఖాళీ మొత్తం నిండిపోయి, వైన్ నేరుగా కార్క్‌ని తోస్తుంది. అందుకని వంటగదిలో, ఏసీ వేసి, వైన్ 20 డిగ్రీల దగ్గర ఉండగా నింపాం. అద్దెకు తెచ్చిన ఫ్లోర్ కార్కర్‌తో 44 మిల్లీమీటర్ల పొడవు కార్క్‌లు దించాం. కార్క్‌లు మరిగించలేదు. మరిగిస్తే వాటి సాగే గుణం దెబ్బతింటుంది, కొత్త ప్యాకెట్‌లోవి ఉన్నవున్నట్టు వాడితే చాలు. లోపల నొక్కుకున్న గాలి సర్దుకోవడానికి మూడు రోజులు నిలువుగా ఉంచి, ఆ తర్వాత కోట్ క్లోసెట్ ర్యాక్‌లో పడుకోబెట్టాం.

చివర్లో సీసాకి చాలని వైన్ కొంత మిగిలింది. పాత క్లిప్ మూత బీర్ సీసా ఒకటి ఉంటే రబ్బరు వాషర్ మార్చి అందులో పోశాం, ఆ నెలలోనే తాగేశారు. క్లిప్ మూతకి నేను వ్యతిరేకం కాదు. గుండ్రటి, మందపాటి, తాగే సరుకు కోసం చేసిన సీసా అయి, రబ్బరు కొత్తదయితే కొన్ని నెలలకు బాగా పనికొస్తుంది.

తెరిచి చూస్తే

కిటికీలో పెట్టిన మస్కట్ మే నెలాఖరుకే పాడైంది. ఆవిడే తెరిచారు. మల్లె, నారింజపువ్వు వాసన రావాల్సిన వైన్‌లోంచి ఉడికిన క్యాబేజీ వాసన వచ్చింది. అల్మారాలోని రంగులేని సీసా బాగానే ఉంది. బీర్ సీసాలో ఉన్నదాన్ని పక్కన పెట్టి కళ్లు మూసుకుని రుచి చూస్తే ఆ రెండింటి మధ్య ఎవరూ తేడా చెప్పలేకపోయారు. అంటే గాజు రంగు చీకట్లో పెద్ద విషయం కాదు, వెలుతురు తగిలేచోటే లెక్కలోకి వస్తుంది. అయినా ఇంట్లో సీసా ఎప్పుడు ఎక్కడికి కదులుతుందో చెప్పలేం, బహుమతిగా ఇచ్చినవాళ్లు దాన్ని ఎక్కడ పెడతారో అసలే తెలియదు. అందుకే ఇంటి బయటికి వెళ్లే వైట్ వైన్‌కి గోధుమరంగే అని నా మాట మార్చుకోలేదు.

జిన్‌ఫాండెల్ విషయంలో ఒక అనుకోని పోలిక దొరికింది. ర్యాక్ నిండిపోయి రెండు సీసాలు గరాజ్ షెల్ఫ్ మీద నిలువుగా ఉండిపోయాయి. తర్వాతి ఏడాది ఎండలు తగ్గాక చూస్తే ఒకదాని కార్క్ కొద్దిగా పైకి లేచి, మెడ చుట్టూ ఎండిన వైన్ చార ఉంది. రుచిలో పండు పోయి, బెల్లం పాకం మాడినట్టుంది. రెండోదాని కార్క్ కదల్లేదు గానీ రుచి అదే. క్లోసెట్‌లో పడుకోబెట్టినవి మాత్రం కార్క్ అడుగు తడిగా, పక్కలు పొడిగా వచ్చాయి, నల్లరేగుపండు, మిరియం వాసన నిలిచే ఉంది. పాత సీసాలకీ కొత్తగా కొన్న డజనుకీ రుచిలో తేడా లేదు. అన్నీ ఒకే రోజు నింపినవి, ఒకే సైజు, ఒకే రకం కార్క్‌లు వేసినవి. కడిగి, కొలిచి ఏరుకున్న పాత సీసాకి కొత్తదానికంటే తక్కువ గౌరవం ఇవ్వనక్కర్లేదని ఇక్కడ ధైర్యంగా చెప్పగలను.

పీహెచ్ కొంచెం ఎక్కువ కాబట్టి ఈ జిన్‌ఫాండెల్‌ని రెండేళ్ల లోపు తాగేయమన్నాను. ప్రతి సీసా మెడకి నింపిన తేదీ, చివరి గ్రావిటీ (హైడ్రోమీటర్ రీడింగ్), సల్ఫైట్ మోతాదు రాసిన చిన్న కాగితం కట్టి ఉంది. ఈసారి కోతకి వాళ్లు రెస్టారెంట్‌వాళ్లకి ముందే చెప్పి పెట్టారు: ఆకుపచ్చ బోర్డో సీసాలు, కార్క్‌వి మాత్రమే, ఖాళీ అయిన రాత్రే నీళ్లు పోసి తిప్పి ఉంచమని. మస్కట్‌కి గోధుమరంగు సీసాలు నాలుగు డజన్లు గరాజ్‌లో కడిగి బోర్లించి ఉన్నాయి. కిటికీ కోసం ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు.